విదేశాల నుంచి డబ్బులు రావాలన్నా, పంపాలన్నా: స్విఫ్ట్ కోడ్ మీద విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో ఒక బ్యాంకు బ్రాంచిలో ఫారిన్ ఎక్స్ఛేంజ్ కౌంటర్ దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నాను. షట్టర్ ఎత్తేసరికే గాజువాక, మల్కాపురం వైపు నుంచి ఓడల మీద పనిచేసేవాళ్ల ఇంటివాళ్లు, ఎంవీపీ కాలనీ నుంచి అమెరికాలో పిల్లలున్న పెద్దవాళ్లు, రొయ్యల ఎగుమతి కంపెనీల గుమాస్తాలు వచ్చి నిలబడేవారు. చేతిలో ఒక చీటీ, లేకపోతే ఫోన్లో వాట్సాప్ మెసేజ్: "నాన్నా, మన బ్యాంకు స్విఫ్ట్ కోడ్ పంపు." రిటైరయ్యాక కూడా అపార్ట్‌మెంట్ లిఫ్టులో, రైతు బజార్లో అవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఎనిమిదో పదకొండో అక్షరాలు చదవడం రాక నెలల తరబడి టెన్షన్ పడ్డ కుటుంబాలను చూశాను. చదవడం వస్తే మాత్రం ఇది పది నిమిషాల పని.

స్విఫ్ట్ కోడ్, బిక్ కోడ్ రెండూ ఒకటేనా?

ఒకటే. ఫారంలో బిక్ అని అడిగినా, స్విఫ్ట్ అని అడిగినా, రెండూ కలిపి గీత పెట్టి అడిగినా రాయాల్సింది అదే కోడ్. బిక్ అంటే బ్యాంకును గుర్తించే కోడ్. స్విఫ్ట్ అంటే ఆ కోడ్‌లను నమోదు చేసే, బ్యాంకుల మధ్య సందేశాల నెట్‌వర్క్ నడిపే సంస్థ. 1973లో మొదలైంది. ప్రధాన కార్యాలయం బెల్జియంలో, బ్రస్సెల్స్ దగ్గర లా హుల్పే అనే ఊళ్లో ఉంది. 200కు పైగా దేశాల్లో 11,000కు పైగా బ్యాంకులు, ఆర్థిక సంస్థలు ఆ నెట్‌వర్క్‌లో ఉన్నాయి.

ఒక విషయం మాత్రం మొదటే తెలుసుకోండి. స్విఫ్ట్ డబ్బును మోయదు, కబురును మోస్తుంది. "ఫలానా ఖాతాదారుకి ఇన్ని డాలర్లు ఇవ్వండి" అన్న ఆదేశాన్ని ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి భద్రంగా చేరవేస్తుంది. అంతకుముందు ఈ పని టెలెక్స్ మీద జరిగేది. మన బ్యాంకుల్లో ఇప్పటికీ "టీటీ (టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్) పంపాలి" అంటారు చూడండి, అది ఆ టెలిగ్రాఫ్ రోజుల నుంచి మిగిలిన మాట. డబ్బు మాత్రం బ్యాంకుల మధ్య ఉండే ఖాతాల్లోనే అటూ ఇటూ మారుతుంది. ఆ సంగతి కింద, డబ్బులు తగ్గి పడే ప్రశ్నలో చెబుతాను.

ఆ అక్షరాలను ఎలా చదవాలి?

భారతీయ స్టేట్ బ్యాంకు కోడ్ తీసుకుందాం: ఎస్, బీ, ఐ, ఎన్, ఐ, ఎన్, బీ, బీ. ఎనిమిది అక్షరాలు. వేలు పెట్టి మూడు ముక్కలు చేయండి. మొదటి నాలుగు, ఎస్‌బీఐఎన్, బ్యాంకు పేరు. తర్వాతి రెండు, ఐఎన్, దేశం: ఇండియా. చివరి రెండు, బీబీ, ఊరు. ఇక్కడ అది ముంబై. మన దేశంలోని చాలా బ్యాంకుల కోడ్‌లలో ఈ ఐఎన్‌బీబీ కనిపిస్తుంది. హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ, యాక్సిస్, యూనియన్, కెనరా అన్నీ అలాగే ముగుస్తాయి. ఖాతా ద్వారకానగర్‌లో ఉంటే కోడ్‌లో ముంబై ఎందుకుందని కంగారు పడొద్దు. అది ఆ కోడ్‌తో బ్యాంకు నమోదు చేసుకున్న చిరునామా.

పదకొండు అక్షరాలుంటే చివరి మూడూ బ్రాంచిని చెబుతాయి. అక్కడ వరసగా మూడు ఎక్స్‌లు ఉంటే ప్రధాన కార్యాలయం అని. ఎనిమిది అక్షరాల కోడ్, అదే ఎనిమిదికి మూడు ఎక్స్‌లు చేర్చిన కోడ్ రెండూ ఒకటే. కొన్ని వెబ్‌సైట్లు పదకొండు లేనిదే ముందుకు కదలనివ్వవు. అప్పుడు ఆ మూడు ఎక్స్‌లు మీరే చేర్చండి.

అయిదో, ఆరో అక్షరాల మీద కాసేపు ఆగుతాను. నన్నడిగితే కోడ్ మొత్తంలో ఇవే ముఖ్యమైనవి. అమెరికా అయితే యూఎస్. బ్రిటన్‌కి జీబీ, యూకే అని ఉండదు. జర్మనీకి డీఈ, స్విట్జర్లాండ్‌కి సీహెచ్. యూఏఈకి ఏఈ, యూఏ కాదు. యూఏ అంటే ఉక్రెయిన్. ఆస్ట్రేలియాకి ఏయూ, ఆస్ట్రియాకి ఏటీ. దుబాయ్‌లోని ఎమిరేట్స్ ఎన్‌బీడీ కోడ్ చూడండి: ఈబీఐఎల్, ఏఈ, ఏడీ. నడుమ ఏఈ కనిపించింది కాబట్టి అది యూఏఈ బ్యాంకే. ఎవరైనా కోడ్ పంపగానే ముందు ఈ రెండు అక్షరాలూ, వాళ్లు చెప్పిన దేశమూ ఒకటేనా అని చూడండి. దీంతో ఎంత పెద్ద మోసం ఆగుతుందో కింద చెబుతాను.

నా పాస్‌బుక్‌లో ఐఎఫ్‌ఎస్‌సీ ఉంది కదా, అది ఇస్తే సరిపోదా?

చాలదు. ఐఎఫ్‌ఎస్‌సీ మన దేశం లోపల నెఫ్ట్, ఆర్టీజీఎస్, ఐఎంపీఎస్‌ల కోసం ఉన్న కోడ్. అందులోనూ పదకొండు అక్షరాలే ఉండటంతో చాలామంది పొరబడతారు. తేడా పట్టుకోవడం తేలిక. ఐఎఫ్‌ఎస్‌సీలో మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, అయిదోది ఎప్పుడూ సున్నా, చివరి ఆరూ బ్రాంచివి. అయిదో స్థానంలో సున్నా ఉంటే ఐఎఫ్‌ఎస్‌సీ, ఐఎన్ అని దేశం మొదలైతే స్విఫ్ట్. ఆ సున్నా బదులు ఇంగ్లిషు "ఓ" అక్షరం కొట్టి, "తప్పు అంటోందండీ" అని వచ్చినవాళ్లు లెక్కలేనంతమంది.

అలాగని ఐఎఫ్‌ఎస్‌సీ పక్కన పడేయకండి. విదేశీ ఫారంలో బ్యాంకు చిరునామా గడి ఉంటుంది. అందులో బ్రాంచి పేరు, విశాఖపట్నం, ఐఎఫ్‌ఎస్‌సీ రాయించండి. ముంబైకి చేరిన డబ్బు మీ బ్రాంచికి త్వరగా రావడానికి అది పనికొస్తుంది.

చెక్కు అడుగున ఉండే తొమ్మిది అంకెల ఎంఐసీఆర్ ఇంకోటి. మన ఊరి చెక్కుల మీద అది 530తో మొదలవుతుంది. విదేశీ బదిలీకి దానితో పనిలేదు.

మా బ్రాంచికి స్విఫ్ట్ కోడే లేదన్నారు. డబ్బులు రావా?

వస్తాయి. ప్రతి బ్రాంచికీ స్విఫ్ట్ కోడ్ ఉండదు. భీమిలిలోనో అనకాపల్లిలోనో ఖాతా ఉన్నవాళ్లు బ్యాంకు ప్రధాన కోడ్ ఇచ్చి, ఖాతా నంబరు పూర్తిగా రాయిస్తే చాలు. కొన్ని బ్యాంకులు మాత్రం ఫలానా ఫారెక్స్ బ్రాంచి కోడ్ వాడమంటాయి. కాబట్టి బ్రాంచిలో ఒకసారి ఇలా అడగండి: "బయటి నుంచి డాలర్లు రావాలంటే ఏ కోడ్ రాయించాలి, మధ్యలో ఏ బ్యాంకు పేరు ఇవ్వాలి?" ఆ రెండూ రాసి ఇచ్చే కాగితం చాలా బ్రాంచిల్లో సిద్ధంగా ఉంటుంది.

మాది పాత ఆంధ్రా బ్యాంకు ఖాతా. కోడ్ మారిందా?

మారింది. పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో మొదలుపెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. అదే రోజున సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లోనే ఎస్‌బీఐలో కలిసింది. బోర్డు మారిన సంగతి వీధిలో అందరికీ తెలుసు. కానీ అమెరికాలో ఉన్న కొడుకు ఆన్‌లైన్ ఖాతాలో పదేళ్ల క్రితం సేవ్ చేసుకున్న పాత వివరాలు అలాగే ఉండిపోతాయి. నెలనెలా పంపే అలవాటులో ఎవరూ తెరిచి చూడరు. అందుకే పిల్లలకు ఫోన్ చేసి కోడ్, ఐఎఫ్‌ఎస్‌సీ రెండూ ఇప్పుడే కొత్తవి పెట్టించండి.

దుబాయ్ వాళ్లు ఐబాన్ అడుగుతున్నారు. మనకి అది ఎక్కడ దొరుకుతుంది?

దొరకదు. ఐబాన్ అంటే కొన్ని దేశాల్లో వాడే, దేశం అక్షరాలతో మొదలయ్యే పొడుగాటి ఖాతా నంబరు. మన దేశంలో ఆ విధానం లేదు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లోనూ లేదు. ఆ గడిలో మీ మామూలు ఖాతా నంబరే రాయాలి. ఇంటర్నెట్‌లో "ఇండియా ఐబాన్ తయారుచేసి ఇస్తాం" అనే సైట్లు కనిపిస్తే వాటి జోలికి పోకండి.

మీరు అటువైపు పంపేటప్పుడు మాత్రం ఐబాన్ తప్పనిసరి. యూఏఈ ఐబాన్‌లో 23 అక్షరాలుంటాయి. బ్రిటన్, జర్మనీలకు 22, సౌదీకి 24, కువైట్‌కి 30. లెక్కపెట్టండి, ఒకటి తగ్గినా తప్పే. ఐబాన్‌లో దేశం అక్షరాల తర్వాత వచ్చే రెండు అంకెలు తనిఖీ కోసమే పెట్టారు. మిగతా అంకెల్లో ఏది తారుమారైనా లెక్క కుదరక కంప్యూటర్ పట్టేస్తుంది. స్విఫ్ట్ కోడ్‌కి ఆ రక్షణ లేదు. ఒక అక్షరం తప్పు కొడితే అది ఇంకో బ్యాంకు అసలు కోడే అయి ఉండొచ్చు, కంప్యూటర్ నోరెత్తదు. అందుకే దాన్ని మనిషి కళ్లతో రెండుసార్లు చదవాలి.

అమెరికాకి పంపాలంటే రౌటింగ్ నంబరు అంటున్నారు. అదేమిటి?

అది అమెరికా లోపలి తొమ్మిది అంకెల కోడ్, మన ఐఎఫ్‌ఎస్‌సీ లాంటిది. అక్కడ ఒకే బ్యాంకుకి మామూలు బదిలీలకు ఒక రౌటింగ్ నంబరు, వైర్ బదిలీకి, అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకి నేరుగా పంపేదానికి, ఇంకొకటి ఉండొచ్చు. "వైర్‌కి వాడే నంబరే ఇవ్వు" అని అడిగి తీసుకోండి. బ్రిటన్‌లో ఆరంకెల సార్ట్ కోడ్, ఆస్ట్రేలియాలో ఆరంకెల బీఎస్‌బీ, కెనడాలో అయిదంకెల ట్రాన్సిట్ నంబరుతో పాటు మూడంకెల సంస్థ నంబరు అడుగుతారు. వీటితో పాటు స్విఫ్ట్ కోడ్ కూడా రాయాల్సిందే.

పాపకి యూనివర్సిటీ ఫీజు కడుతున్నాం. ఏం జాగ్రత్త తీసుకోవాలి?

ఈ ప్రశ్నకి నా తప్పు ఒకటి చెప్పి జవాబిస్తాను. ఒక ఆగస్టులో సీతమ్మధార నుంచి ఒక తండ్రి కూతురి ఫీజు పంపడానికి వచ్చారు. కోడ్, ఐబాన్, మొత్తం అన్నీ సరిగ్గానే కొట్టాను. వివరాల గడిలో విద్యార్థి ఐడీ రాయలేదు, "ట్యూషన్ ఫీజు" అని మాత్రమే రాశాను. డబ్బు మూడో రోజుకే యూనివర్సిటీ ఖాతాలో పడింది. కానీ అది ఎవరి ఫీజో వాళ్లకి తెలియలేదు. వేలమంది పిల్లల డబ్బుల్లో అదొకటి. రసీదు, మెయిళ్లు పంపి తేల్చుకునేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆ అమ్మాయికి క్లాసుల్లో పేరు నమోదు కాలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, రోజూ వచ్చి బెంచీ మీద కూర్చునేవారు. ఆ తర్వాత ఒక్క ఫీజు కూడా విద్యార్థి నంబరు లేకుండా నా చేతి మీదుగా పోనివ్వలేదు.

కాబట్టి యూనివర్సిటీ ఇచ్చిన ఇన్‌వాయిస్ ప్రింటు తీసి తెచ్చుకోండి. అందులోని లబ్ధిదారు పేరు, ఖాతా, స్విఫ్ట్ కోడ్, విద్యార్థి ఐడీ ఉన్నవి ఉన్నట్టే దిగాలి. బ్యాంకులో విదేశానికి డబ్బు పంపడానికి ఇచ్చే ఏ2 ఫారం నింపాలి, పాన్ కావాలి. డబ్బు దేనికోసమో చెప్పే కోడ్‌ని పర్పస్ కోడ్ అంటారు, చదువు కోసం పంపే డబ్బుకి అది ఎస్0305. ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ నుంచి మార్చి వరకు, 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపడానికి రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉంది. సంతకం పెట్టే ముందు గుమాస్తా స్క్రీన్ మీద కొట్టినదాన్ని ప్రింటు అడిగి, మీ ఇన్‌వాయిస్ పక్కన పెట్టి ఒక్కో అక్షరం చూసుకోండి. వెనక లైనులో వాళ్లు విసుక్కున్నా ఫరవాలేదు.

వెయ్యి డాలర్లు పంపితే తొమ్మిది వందల ఎనభయ్యే పడ్డాయి. మిగతావి ఏమయ్యాయి?

దారిలో ఖర్చయ్యాయి. మీ బ్యాంకుకి డాలర్లలో లావాదేవీల కోసం న్యూయార్క్‌లోని ఏదో ఒక పెద్ద బ్యాంకులో ఖాతా ఉంటుంది. దాన్ని నోస్ట్రో ఖాతా అంటారు. టెక్సాస్‌లోని చిన్న బ్యాంకుకి విశాఖ బ్యాంకుతో నేరుగా సంబంధం ఉండదు. అందుకని డబ్బు అక్కడి నుంచి ఒక పెద్ద బ్యాంకుకి, దాని నుంచి మన బ్యాంకు నోస్ట్రో ఖాతాకి చేరుతుంది. ఆ కబురు అందాక ఇక్కడ మీకు రూపాయలు వేస్తారు. బస్సు దిగి బస్సు ఎక్కినట్టు. మధ్యలో ఉన్న ఒక్కో బ్యాంకూ తన చార్జీ కోసుకుంటుంది.

ఎవరు భరించాలన్నది పంపేటప్పుడే తేలుతుంది. ఫారంలో మూడు మాటలుంటాయి. "అవర్" అంటే ఖర్చంతా పంపేవాళ్లదే. "బెన్" అంటే అంతా అందుకునేవాళ్లదే. "షా" అంటే ఎవరి వైపు ఖర్చు వాళ్లది. ఏదీ ఎంచుకోకపోతే ఎక్కువ చోట్ల షా కిందే పోతుంది. ఫీజులకు, ఇన్‌వాయిస్ బిల్లులకు అవర్ పెట్టండి. లేకపోతే యూనివర్సిటీకి ఇరవై డాలర్లు తక్కువ పడి, మళ్లీ ఆ ఇరవై పంపడానికి ఇంకో చార్జీ కట్టాల్సి వస్తుంది.

రూపాయల్లోకి మార్చే రేటులో బ్యాంకు లాభం ఉంటుంది. మార్పిడి మీద జీఎస్టీ కూడా ఉంటుంది, లక్ష రూపాయలకు అది 180. రేటు బేరమాడొచ్చు. పెద్ద మొత్తమైతే వచ్చాక కాకుండా ముందే మేనేజర్ని అడగండి. అడిగినవాళ్లకి కాస్త మెరుగైన రేటు ఇవ్వడం నేను చూశాను.

ఎన్ని రోజులు పడుతుంది?

అన్నీ సవ్యంగా ఉంటే ఒకటి నుంచి అయిదు పనిదినాలు. పనిదినం ఎవరిది అన్నదే తిరకాసు. అమెరికాలో శుక్రవారం సాయంత్రం బటన్ నొక్కితే మనకప్పటికే శనివారం తెల్లవారుజాము. రెండో, నాలుగో శనివారాలు మన బ్యాంకులకు సెలవు. ఆదివారం ఎలాగూ లేదు, సోమవారం ఇక్కడ తెరిచేసరికి అక్కడ ఇంకా ఆదివారం రాత్రి. కువైట్, ఖతార్, సౌదీల్లో శుక్ర, శనివారాలు సెలవు. యూఏఈ మాత్రం 2022 నుంచి శని, ఆదివారాలకు మారింది. సంక్రాంతికి డబ్బు చేతిలో ఉండాలంటే జనవరి మొదటి వారంలోనే పంపమనండి.

వారం దాటింది, డబ్బులు పడలేదు. ఎవరిని అడగాలి?

పంపినవాళ్లని. ఇక్కడి బ్రాంచిలో "మా వాడు వేశాడు, ఇంకా పడలేదు" అంటే పాపం వాళ్లు వెతకడానికి ఆధారమేదీ ఉండదు. పంపిన బ్యాంకు నుంచి స్విఫ్ట్ సందేశం కాపీ తెప్పించండి. బ్యాంకు వాళ్లు దాన్ని ఎంటీ 103 అని పిలుస్తారు. ఇప్పుడు కొత్త విధానం వచ్చి సందేశం పేరు మారింది కానీ, కౌంటర్లో పాత పేరే పలుకుతుంది. అందులో 36 అక్షరాల, గీతలతో విడదీసిన పొడుగాటి నంబరు ఉంటుంది. యూఈటీఆర్ అంటారు. కొరియర్ ట్రాకింగ్ నంబరు లాంటిదే. అది ఇస్తే డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఆగిందో మీ బ్యాంకు చూడగలదు.

చాలాసార్లు డబ్బు ఆగేది మీ బ్యాంకులోనే. "ఈ డబ్బు ఎందుకొచ్చింది?" అని వాళ్లు పంపిన మెయిల్ మీ స్పామ్‌లో పడి ఉంటుంది. ప్రతి విదేశీ జమకీ పర్పస్ కోడ్ ఉండాలి. విదేశంలో ఉన్న మనవాళ్లు ఇంటి ఖర్చులకు పంపినదైతే పీ1301. మీరు జవాబివ్వనిదే వాళ్లు జమ చేయరు.

ఖాతా నంబరు, కోడ్ రెండూ సరిగ్గానే ఉన్నా డబ్బు వెనక్కి పోయింది. ఎందుకు?

పేరు. మన తెలుగువాళ్లకి ఇది ప్రత్యేకమైన బాధ. బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది, తర్వాత పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, వేరే గడిలో. అమెరికా వెళ్లాక పిల్లలు తమ పేరు ముందూ, ఇంటిపేరు వెనకా రాయడం అలవాటు చేసుకుంటారు. అమ్మ పేరు కూడా అదే వరసలో రాసి పంపేస్తారు. వెంకట అన్నదాన్ని ఒకరు "వీ"తో, ఇంకొకరు "డబ్ల్యూ"తో మొదలుపెడతారు. లక్ష్మి అన్న పేరుని ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాస్తారో నేనే అయిదు రకాలు చూశాను. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం: ఖాతా పుట్టింటి పేరు మీద, ఆధార్ అత్తింటి పేరు మీద. విదేశీ జమల్లో మన బ్యాంకులు పేరును జాగ్రత్తగా సరిచూస్తాయి. అతకకపోతే ఆపి అడుగుతాయి, జవాబు రాకపోతే తిప్పి పంపేస్తాయి. పోనూ రానూ చార్జీలు, రేటు తేడా మీదే.

విరుగుడు చాలా తేలిక. పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో తీసి పంపండి, అందులో ఉన్నట్టే, ఆ వరసలోనే, చుక్కతో సహా కొట్టమనండి. ఫోన్లో చదివి వినిపించొద్దు.

స్పెల్లింగ్ అంటే చిన్న విషయం అనుకునేవాళ్లకి ఒక నిజం చెప్పాలి. 2016 ఫిబ్రవరిలో దొంగలు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడి, న్యూయార్క్‌లోని ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుకి నకిలీ స్విఫ్ట్ ఆదేశాలు పంపారు. 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్‌కి పోయాయి. శ్రీలంకకి పోవాల్సిన ఇంకో రెండు కోట్ల డాలర్లు మాత్రం ఆగిపోయాయి. ఫౌండేషన్ అన్న మాట స్పెల్లింగ్ తప్పు ఉందని మధ్యలోని బ్యాంకు అనుమానించి అడగడమే కారణం.

తప్పు కోడ్‌తో పంపేశాను. ఇప్పుడెలా?

వెంటనే, వీలైతే అదే గంటలో, పంపిన బ్యాంకుకి చెప్పండి. అసలు లేని కోడ్ అయితే సాధారణంగా పంపకముందే ఆగుతుంది. వేరే బ్యాంకు కోడ్ అయితే అక్కడ ఆ ఖాతా నంబరు, పేరు కలవక కొన్నాళ్లకు చార్జీలు పోను వెనక్కి వస్తుంది. నిజంగా వేరొకరి ఖాతాలో పడిపోతే మాత్రం కష్టం. వెనక్కి ఇవ్వమని బ్యాంకు అడుగుతుంది, కానీ ఆ ఖాతాదారు ఒప్పుకోకుండా లాక్కోలేదు. అలాంటప్పుడు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నంబరు తీసుకోండి.

మా ఆయన ఓడ మీద పనిచేస్తారు. జీతం ఏ ఖాతాకి తెప్పించాలి?

ఆయన ఎన్నారై హోదాలో ఉంటే ఎన్‌ఆర్‌ఈ ఖాతాకి. ఈ ఖాతాలో వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను ఉండదు, డబ్బు మళ్లీ బయటికి తీసుకెళ్లడానికి అడ్డులేదు. ఎన్‌ఆర్‌ఓ ఖాతా ఇక్కడి అద్దెలు, పింఛన్ల లాంటి వాటి కోసం. కొన్ని బ్యాంకులకు ఎన్నారై ఖాతాల కోసం వేరే స్విఫ్ట్ కోడ్ కూడా ఉంటుంది. ఓడ కంపెనీకి ఇచ్చే కాగితంలో ఏ కోడ్ రాయాలో ఓడ ఎక్కకముందే తేల్చుకోండి. నడిసముద్రంలో ఉన్న మనిషితో సంతకాలు పెట్టించడం ఎంత నరకమో ఆ ఇల్లాళ్లకే తెలుసు.

మధురవాడలో ఇంట్లో కూర్చుని విదేశీ క్లయింటుకి పనిచేస్తున్నాను. ఇంకేమైనా కావాలా?

ప్రతి జమకీ ఎఫ్ఐఆర్‌సీ (విదేశీ డబ్బు అందిందని బ్యాంకు ఇచ్చే సర్టిఫికెట్) గానీ, రెమిటెన్స్ అడ్వైస్ గానీ అడిగి దాచుకోండి. విదేశీ డబ్బు సక్రమంగా వచ్చిందనడానికి రుజువు అదే. జీఎస్టీలో ఎగుమతిగా చూపించాలన్నా అదే కావాలి. మూడేళ్ల తర్వాత అడిగితే తవ్వి తీయడం బ్యాంకుకీ కష్టమే.

సప్లయరు ఖాతా మారిందని మెయిల్ పంపాడు. కొత్త కోడ్‌కి పంపొచ్చా?

ఆగండి. దయచేసి ఆగండి.

ఆటోనగర్ నుంచి ఒక చిన్న ఫ్యాక్టరీ యజమాని జర్మనీ నుంచి యంత్రం తెప్పించుకుంటూ రెండో విడత డబ్బు పంపడానికి వచ్చారు. చేతిలో ఇన్‌వాయిస్. అదే లోగో, అదే సంతకం, అదే మొత్తం. పాత ఇన్‌వాయిస్ కూడా ఫైలులో ఉంటే పక్కన పెట్టి చూశాను. పాత కోడ్‌లో అయిదో, ఆరో అక్షరాలు డీఈ. కొత్తదాంట్లో పీఎల్, అంటే పోలండ్. "జర్మనీ కంపెనీకి పోలండ్‌లో ఖాతా ఎందుకండీ?" అన్నాను. ఆడిట్ జరుగుతోందట, తాత్కాలికంగా మార్చారట, మెయిల్లో రాశారు అన్నారు. మెయిల్ చూపించమన్నాను. చిరునామాలో ఇంగ్లిషు ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టారు. ఫోన్ తెర మీద అది అచ్చం ఎమ్‌లాగే ఉంది. పాత విజిటింగ్ కార్డు మీది నంబరుకి ఆయన అక్కడే ఫోన్ చేశారు. మేం ఏ ఖాతా మార్చలేదన్నారు అవతలివాళ్లు. ఆయన చేతులు వణకడం నాకింకా గుర్తుంది. ఆ విడత ఆయన ఏడాది లాభం.

దొంగలు ముందు ఎవరో ఒకరి మెయిల్లోకి దూరి, డబ్బు పంపే రోజు దాకా ఓపిగ్గా చదువుతూ ఉంటారు. రొయ్యలు ఎగుమతి చేసేవాళ్లకి ఇదే తిరగబడి జరుగుతుంది: మీ పేరుతో మీ కొనుగోలుదారుకి నకిలీ మెయిల్ వెళ్తుంది, సరుకు మీది, డబ్బు వాళ్లది. అందుకని మీ కొనుగోలుదారుకి ముందే చెప్పి ఉంచండి: "మా ఖాతా మారితే ఫోన్లో గొంతు విని నిర్ధారించుకోకుండా ఒక్క డాలరు పంపొద్దు." ఆ మెయిల్లో ఇచ్చిన నంబరుకి ఎప్పుడూ ఫోన్ చేయకండి, అక్కడ ఎత్తేది దొంగే. డబ్బు పోయిందని తెలిస్తే క్షణం ఆలస్యం చేయకుండా బ్యాంకుకి చెప్పి, 1930కి ఫోన్ చేయండి.

స్విఫ్ట్ కోడ్ ఎవరికైనా చెప్పొచ్చా?

చెప్పొచ్చు. అది బ్యాంకు చిరునామా, రహస్యం కాదు. డబ్బు అందుకోవడానికి మీ పేరు, ఖాతా నంబరు, కోడ్ చాలు. ఓటీపీ, పిన్, కార్డు వెనక నంబరు అడిగారంటే అవతలివాడు డబ్బు పంపేవాడు కాదు.

వెస్ట్రన్ యూనియన్ లాంటి వాటికి కూడా కోడ్ కావాలా?

నగదుగా తీసుకునేవాటికి అక్కర్లేదు, వాళ్లిచ్చే నంబరు, మీ గుర్తింపు కార్డు చాలు. కానీ ఒక్కోసారి 2,500 డాలర్లకు మించి రాదు, ఏడాదికి ముప్ఫైసార్లే.

అబ్బాయి రష్యాలో మెడిసిన్ చదువుతున్నాడు. ఫీజు పోవడం లేదెందుకు?

2022 మార్చిలో ఏడు రష్యా బ్యాంకులను స్విఫ్ట్ నుంచి తీసేశారు. తర్వాత ఇంకొన్నిటినీ తీసేశారు. యూనివర్సిటీ ఖాతా అలాంటి బ్యాంకులో ఉంటే కోడ్ సరిగ్గా ఉన్నా కబురు పోదు. పనిచేసే ఇంకో బ్యాంకు వివరాలు యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద తెప్పించుకుని, పంపే ముందు మీ బ్యాంకుకి చూపించండి. ఏజెంటు సొంత ఖాతాకి మాత్రం పంపకండి.

సరైన కోడ్ ఎక్కడ చూసుకోవాలి?

మీ బ్యాంకు సొంత వెబ్‌సైట్లో, లేదా బ్రాంచిలో రాసి ముద్ర వేసిన కాగితం మీద. గూగుల్లో పైన కనిపించే కోడ్ జాబితా సైట్లలో విలీనానికి ముందటి కోడ్‌లు ఇంకా అలాగే ఉన్నాయి. బ్రాంచికి వెళ్లేటట్టయితే పదకొండు గంటల తర్వాత వెళ్లండి, అప్పటికి ఆ రోజు రేటు వచ్చి ఉంటుంది. పాస్‌బుక్, పాన్, ఒక తెల్ల కాగితం పట్టుకెళ్లండి. కోడ్‌ని మీరే పెద్ద అక్షరాలతో, అక్షరానికీ అక్షరానికీ ఎడం ఉంచి రాసి, కౌంటర్లో ఉన్నవాళ్లకి చూపించి సరేనంటేనే ఫొటో తీసి పిల్లలకి పంపండి.